సాదా కాగితం

రజాక్ మూడోసారి ఆటో హారన్ కొట్టించాడు. ఇంట్లో రాజయ్య ఇంకా గడ్డం గీసుకుంటూనే ఉన్నాడు.

"రిజిస్ట్రేషన్ ఆఫీసుల పదకొండు గంటలకు మన నంబరు రాజన్నా! జర జల్ది కానీయరాదే!"

"వస్తున్ననే భాయ్. నేనేడికి వోత?"

ఆ మాటకే రజాక్‌కు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా ఇదే మాట. సుల్తానాబాద్ రైస్ మిల్లులో ఇద్దరూ బస్తాలు మోసే రోజుల్లో రాజయ్య తన జాగా అతనికి అమ్మాడు. సాదా కాగితం మీద రాసుకుని, కింద వేలిముద్ర వేశాడు. రిజిస్ట్రేషన్ మాటెత్తితే నవ్వేవాడు. అన్నలాంటి మనిషిని అనుమానించినట్టుంటుందని రజాక్ కూడా ఊరుకునేవాడు. ఆ మొహమాటానికి ఇప్పుడు తన చెంపలు తానే వాయించుకోవాలనిపిస్తోంది.

డెబ్బై ఏళ్లకు రజాక్‌కు మిగిలినవి కాయలు కాసిన భుజం, నొప్పుల నడుము, ఆ జాగాలో కట్టుకున్న రెండు గదుల ఇల్లు. ఇల్లు తనఖా పెడితే బ్యాంకు నెలనెలా డబ్బిస్తుందట. భార్యాభర్తలు బతికినన్నాళ్లు అందులోనే ఉండొచ్చు, బ్యాంకు అమ్ముకునేది ఆ తర్వాతే. కాకపోతే రిజిస్టరైన దస్తావేజు కావాలి. రాజయ్య పోతే అతని నలుగురు కొడుకులూ సంతకం పెట్టాలి. ఇవాళ్టి ధర కడితేనే పెడతామని పెద్దవాడు మొహం మీదే చెప్పాడు.

"ముద్ర పడకుంటే ఇంటికి రాకు" అంది పొద్దున గౌహర్. బియ్యం డబ్బా అడుగు కనిపిస్తున్న ఇల్లాలు ఇంకేమంటుంది?

రాజయ్య గుమ్మం దాకా వచ్చి తలపాగా కోసం వెనక్కి పోయాడు. మళ్లీ వచ్చి, మళ్లీ పోయాడు.

"పెండ్లికి వోతున్నమా?" రజాక్ అరిచాడు.

చివరికి ఆటో కదిలింది. రాజయ్య అతని భుజానికి ఆనుకుని కునికాడు. రైల్వే గేటు దగ్గర గూడ్సు బండి ఎంతకీ పోదు. రజాక్ గేటును, బండిని, పక్కన కునికే మనిషిని కలిపి తిట్టుకున్నాడు.

"లే రాజన్నా, ఆఫీసు వచ్చింది."

భుజం మీది తల పక్కకు జారింది.

ఆసుపత్రిలో డాక్టరు దారిలోనే పోయాడన్నాడు. పెద్దకొడుకు వచ్చి తండ్రిని తీసుకుపోయాడు. రజాక్ ఏడ్చాడు. ఏడుస్తూనే, ఇంకో అర్ధగంట ఆగితే నీ సొమ్మేం పోయేదని చచ్చిన మనిషిని నిలదీశాడు. ఆ మాటకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఆటో సీటు మీద ప్లాస్టిక్ కవరు మిగిలిపోయింది. అందులో ఆధార్ జిరాక్సు, రాజయ్యవి ఆరు కొత్త ఫోటోలు. ఆఫీసులో అడిగేవి రెండే.