పాతది ఏస్తేనే తెరుసుకుంతాది

గంగులు మావ కోటబొమ్మాళిలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కంప్యూటర్ ఎంత పాతదంటే, దాని ఫ్యాన్ తిరిగితే పక్కింటోళ్ళు పప్పు రుబ్బించుకోడానికి గిన్నెలట్టుకొచ్చేవోరు. ఇప్పుడది విండోస్ పోయి నీలం తెరేసుకు కూకుంది. మొన్ననే చేపల వేట నుంచి రావాల్సిన మావ కూడా రాలేదు.

చేప గుమిగూడే రాతి పారలు సముద్రం అడుగున ఎక్కడున్నాయో మావొక్కడికే తెలుసు. ఆ చోట్లు జీపీఎస్‌లోంచి తీసి కంప్యూటర్లో దాచేవోడు. పెళ్ళాం దానమ్మత్తకి కూడా చూపించేవోడు కాదు. అవి తెలిస్తే ఎతకడానికెల్తామని సోములు తాత మిగతా బోట్లోళ్ళని తెచ్చి వాకిట్లో కూకున్నాడు.

కంప్యూటర్ బాగుచెయ్యమని పిలిస్తే నేనొచ్చాను. నా సంచీలో రెండు సీడీలున్నాయి. విండోస్ సెవెన్, ఎక్స్‌పీ.

"కొత్తదెయ్యరా," అంది అమ్మమ్మ, మావ తల్లి.

"దీని ర్యామ్‌కి సెవెనేస్తే మౌసు కదలాలంటే ముందురోజే అర్జీ ఎట్టుకోవాల. పైగా ఆ జీపీఎస్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పీ కాలంది. సెవెన్‌లో తెరుసుకోదు."

"తెరుసుకోదా?"

"తెరుసుకోదు."

"అయితే ఆ కొత్తదే ఎయ్యి." గొంతు తగ్గించింది. "ఆ చోట్లు ఊరందరికీ తెలిసిపోతే, రేపు నా కొడుకొచ్చి ఏటి పడతాడ్రా? ఇసకా?"

"ముందు మనిషి రావాల గదా," అంది అత్త. "పాతదెయ్యి గోవిందు."

"నా కొడుకు పోయాడంతన్నావేటే?"

"బతికుంటే బేగి దొరకాలంతన్నాను."

నాలాంటి డిగ్రీ తప్పినోడి చేతిలో ఎట్టారు మావ ప్రాణం. మావ చోట్లు దాచిన డ్రైవ్ ముట్టుకోకుండా, కంపెనీవోళ్ళే వదిలేసిన ఎక్స్‌పీ ఎక్కించాను. ముప్పై తొమ్మిది నిమిషాలని చూపించింది తెర. అది అయ్యేసరికి అమ్మమ్మ ఇంకో పదేళ్ళు ముసలైపోయింది.

సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. నీలం మీద ఎర్ర చుక్కలు. ఒకటి మాత్రం అన్నిటికన్నా దూరంగా, ఒంటరిగా ఉంది. బోట్లోళ్ళు ఫోన్లు తీసి తెరకి ఫొటోలు కొట్టారు. పెళ్ళికూతురిక్కూడా అన్ని తియ్యరు.

మర్నాడు సాయంత్రం బోట్లొచ్చాయి. నీళ్ళలోకి బాగా దిగి, బరువుగా. ఒక్కో బోటు నిండా కోనం చేపలు.

"ఎక్కడా కనపళ్ళేదమ్మా," అన్నాడు సోములు తాత. "ఎతుకుతా ఎతుకుతా వల ఊరికే ఉంచడమెందుకని..." అని పెద్ద కోనం ఒకటి అత్త ముందెట్టాడు.

అమ్మమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుంది.

అత్త చేపని చూళ్ళేదు. "ఆ దూరం చుక్క దగ్గరికెల్లారా?" అనడిగింది.

సోములు తాత తలగుడ్డ విప్పి, మళ్ళీ కట్టుకున్నాడు.

"అప్పటికే బోట్లు నిండిపోయాయి దానమ్మా."