తప్పంతా కదిలేవాళ్లది

నా కెమెరాలో ఏ లోపమూ లేదు. ఈ మాట ఆసిఫాబాద్‌లో ఏళ్ల తరబడి మొత్తుకున్నాను. వింటేగా!

అసలు సిసలు జర్మనీ సరుకు. పోలీస్ యాక్షన్ తర్వాత ఊరు విడిచి పోతున్న ఒక అధికారి దగ్గర కొన్నాను. ముందు మూత తెరిస్తే తోలు తిత్తి సాగుతూ బయటికి వస్తుంది. తిత్తి చివర అద్దం, అద్దం వెనక షట్టర్. ఆ మోడల్ చేయడం కంపెనీ యుద్ధానికి ముందే మానేసిందనీ, దాని సామాను ఎక్కడా దొరకదనీ హైదరాబాద్‌లో దుకాణం వాడు నవ్వుతూ చెప్పాడు. నవ్వితే నవ్వాడు, నాకేం? తిత్తికి చిల్లి పడితే పాత హార్మోనియం తోలు అతికించాను. స్ప్రింగు విరిగితే అలారం గడియారం స్ప్రింగు వేశాను. స్టాండు కాలు విరిగితే వెదురు కాలు కట్టాను. ప్రతి దసరాకు ఆయుధపూజలో పెట్టి, కుట్టుమిషను నూనె పోసి, పసుపు కుంకుమలు అద్ది, అక్షింతలు వేసి, కొబ్బరికాయ కొట్టాను. కన్నబిడ్డలను కూడా ఇంత బాగా చూసుకోలేదని నా భార్య బాలలక్ష్మి దెప్పుతుంది. నిజమే, బిడ్డలకు సామాను దొరకని ఇబ్బంది లేదు కదా.

ఇంత సేవ చేసినా షట్టర్ మాత్రం ఏటేటా నెమ్మదించింది. మీట నొక్కితే ‘ట’ అని తెరుచుకునేది. ‘క్’ అని మూసుకునేలోపు ఎదుటి మనిషి దగ్గి, ముక్కు తుడుచుకుని, పక్కవాడితో ఒక మాట కూడా మాట్లాడేవాడు. ఫోటోలో రెండు ముక్కులు వచ్చేవి. మరి కదిలితే రావా? కొత్తగా వచ్చిన ఒక అధికారికి మూడు మీసాలు వచ్చాయి. ‘స్థిరం లేని మనిషికి ఫోటో ఎట్ల వస్తది సార్’ అని మొహం మీదే అన్నాను. ఒక పెళ్లి గుంపు ఫోటోలో పెళ్లికూతురు, పెళ్లికొడుకు, పురోహితుడు అందరూ పొగలా పోయారు. మూలన నిద్రపోతున్న ముసలాయన ఒక్కడే వెంట్రుక వెంట్రుకతో సహా వచ్చాడు. అంటే కెమెరా బాగున్నట్టే కదా!

చచ్చిపోయినవాళ్లతో మాత్రం నాకు ఏ పేచీ రాలేదు. మా వైపు మనిషి పోతే, కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నుంచి గుడ్డతో కట్టి, చుట్టూ ఇంటివాళ్లు నిలబడి ఫోటో దిగడం రివాజు. ఏడ్చేవాళ్లందరూ మసక మసకగా, పోయినాయన ఒక్కడూ దిట్టంగా వచ్చేవాడు. చూస్తుండగానే నాకు ‘పీనుగుల లక్ష్మీరాజం’ అని పేరు పడింది. స్టాండు భుజాన వేసుకుని బజారులో నడిస్తే తల్లులు పిల్లలను లోపలికి లాక్కునేవాళ్లు. వీళ్ల తెలివి మండ!

అలాంటి రోజుల్లో కనకవ్వ వచ్చింది. సాలెవాడలో ఉంటుంది. ఆమె నోరు మూసుకుని ఉండగా చూసినవాళ్లు మా ఊళ్లో లేరు.

“లక్ష్మీరాజం, నాకో ఫోటో దియ్యి” అంది.

“ఎవలు పోయిన్రు పెద్దవ్వా?”

“నీ నోట్ల మన్ను వడ! నేనే. బతికుండంగనే కావాలె నాకు.”

సంగతేమిటంటే, ఆమె భర్త అంతయ్య పోయినప్పుడు ఫోటో నేనే తీశాను. కళ్లు మూసుకుని ఉన్నాయి కాబట్టి, ఫోటో మీద కళ్లు లచ్చయ్య వేశాడు. లచ్చయ్య దుకాణాలకు బోర్డులు రాస్తాడు, ఎడ్ల కొమ్ములకు రంగులు వేస్తాడు, బోనాలప్పుడు కుండల మీద అమ్మవారి కళ్లు దిద్దుతాడు. అంతయ్యకూ అవే కళ్లు వేశాడు, అంతంత గుడ్లేసుకుని.

“గాయనతోని ఇన్నేండ్లు కాపురం జేసిన. ఒక్కనాడన్న గట్ల సూడలే నన్ను” అంది కనకవ్వ. “ఎవడో పరాయి మొగోడు గోడ మీదికెల్లి గుడ్లురిమి సూస్తున్నట్టుంటది. గా అర్రల చీర గూడ మార్సుకుంటలేను బిడ్డా. రేపు నేను సస్తే నాకు గూడ గా లచ్చిగాడే కండ్లు ఏస్తడు. నా మన్మండ్లు, వాళ్ల పిల్లలు గా కండ్లే నావనుకుంటరు. నాకద్దు. నా కండ్లు నాకే ఉండాలె.”

“కైలాసం ఏమన్నడు?” అని అడిగాను. కైలాసం ఆమె పెద్దకొడుకు. అందరూ ఒక్క ఇంట్లోనే ఉంటారు.

“ఎట్లైన ఒక్కసారి తియ్యక తప్పదు గదనే, అప్పుడే తీపిద్దాం, ఇప్పుడెందుకు రెండుసార్లు, అంటడు. సచ్చినంక నేను కండ్లు తెరుస్తనారా అంటే, లచ్చయ్య ఉన్నడు గద, ఫికర్ ఎందుకు అన్నడు. మంచి కొడుకు. గిట్ల పొదుపుజేసే కొడుకు ఎవలికి పుడుతడు?”

ఎండలో స్టూలు మీద కూర్చోబెట్టాను. కదలొద్దని చెప్పాను, మాట్లాడొద్దని బతిమాలాను. పాపం, ఊపిరి కూడా బిగబట్టింది. కానీ ‘ట’కూ ‘క్’కూ మధ్య ఎన్నిసార్లు రెప్ప వేసిందో ఏమో, ఫోటోలో మొహమంతా ఉంది, కళ్లుండాల్సిన చోట రెండు తెల్లటి మసకలు ఉన్నాయి.

కనకవ్వ ఫోటోను ఎండకు ఎత్తి పట్టుకుని చూసింది.

“నీ డబ్బ నా కండ్లు తిన్నది.”

“డబ్బది తప్పు గాదు పెద్దవ్వా. నువ్వు రెప్పలేస్తివి.”

“బతికున్నోళ్లు రెప్పలెయ్యరార? బతికున్నోళ్లను తియ్యనీకి రాని డబ్బ ఎందుకురా నీకు? ఇప్పి సూడు. బాగుజెయ్యి. నువ్వు బాగుజేసేదాంక నేను సావ, ఒట్టు!”

పోయి ఊరుకుందా? రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేది. దారినపోయే వాళ్లందరికీ కళ్లు లేని ఆ ఫోటో చూపించేది. ఇంతలో బాలలక్ష్మి కూడా ఆమె పక్షం చేరింది. ఇద్దరాడవాళ్లు కలిస్తే ఇంట్లో మగవాడి మాట చెల్లుతుందా? కెమెరాలో లోపం లేదని రుజువు చేయడానికి, ఖాళీ తాంబాళం ముందు పెట్టుకుని, షట్టర్ విప్పాను.

లోపల రేకులు కనిపించలేదు. ఎర్రటి ముద్ద కనిపించింది. ఇన్ని దసరాల నూనె, కుంకుమ కలిసి పేరుకుపోయి, సన్నని రేకులు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఆ ముద్ద నడుమ ఒక అక్షింత గింజ కూడా ఉంది. ఇంకా పసుపు పచ్చగానే ఉంది.

బాలలక్ష్మి వంగి చూసింది. “గిదా నీ జర్మనీ మిషను? అచ్చం మన పోశమ్మ గుడి గడప లెక్కున్నది” అని పడీపడీ నవ్వింది.

నేను నవ్వలేదు. ఇందులో నా తప్పేముంది? పూజ ఎక్కువైందని ఏ దేవుడైనా ఎప్పుడైనా ఫిర్యాదు చేశాడా? ఆ జర్మనీ వాళ్లదే బుద్ధి తక్కువ. దసరా అనేది ఒకటుంటుందని తెలియకుండా మిషన్లు చేస్తే ఎలా?

బస్టాండులో డ్రైవరును బతిమాలి సీసాలో పెట్రోలు తెచ్చాను. పొయ్యి ఆర్పించి, నా బీడీ నేనే పారేసి, కోడి ఈకతో ఒక్కొక్క రేకూ కడిగాను. ఆరబెట్టి బిగించి మీట నొక్కితే ‘టక్’ మంది. తెరుచుకోవడం, మూసుకోవడం అంతా ఒకే చప్పుడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పెట్రోలు ఘాటు వల్ల.

కనకవ్వను మళ్లీ కూర్చోబెట్టాను. కోడళ్ల మీద ఏదో చెప్పి తనే పకపకా నవ్వుతుంటే, మధ్యలో నొక్కేశాను. ఎంత బాగా వచ్చిందనుకున్నారు! ఊడిన పన్ను, ముక్కుపుల్ల, కళ్ల చివర ముడతలు, ఆ కళ్లలో చిలిపితనం అన్నీ ఉన్నాయి. ఒక కాపీ కనకవ్వకు ఇచ్చి, ఇంకొకటి పెద్దది చేసి దుకాణం ముందు అద్దంలో పెట్టాను. ఇక చూసుకో, బతికున్నవాళ్లంతా వరస కడతారనుకున్నాను.

వరస కట్టింది నా దుకాణం ముందు కాదు, కనకవ్వ ఇంటి ముందు. పీనుగుల లక్ష్మీరాజం ఫోటో ఇంత స్పష్టంగా వచ్చిందంటే కనకవ్వ పోయినట్టేనని ఊరు తీర్మానించింది. ఇచ్చోడకు, బెల్లంపల్లికి కబురు వెళ్లింది. బస్సు దిగిన చుట్టాలు శోకాలు పెడుతూ సాలెవాడలోకి వచ్చారు. అందరి కంటే ముందు కనకవ్వ ఆడబిడ్డ బుచ్చవ్వ. ఎప్పుడో ఒక ఇత్తడి బిందె దగ్గర తగువు పడి, ఈ గడప తొక్కనని వెళ్లిన మనిషి. వాకిట్లో కూలబడి, “నా వదినె బంగారమే! నన్ను కడుపుల వెట్టుకొని సూసెనే! గసొంటి మనిషి మళ్ల పుట్టదే!” అని రొమ్ము బాదుకుంది.

చేటలో బియ్యం ఏరుతూ కనకవ్వ బయటికి వచ్చింది.

“జర గట్టిగ ఏడువు బుచ్చవ్వా. కడుపుల వెట్టుకొని సూసెనే అన్నకాడికెల్లి మళ్లొకసారి. లోపట సక్కగ ఇనవడలే.”

అంతమందికీ వండి పెట్టలేక కైలాసం పరేషాన్ అయ్యాడు. వచ్చినవాళ్లకూ కోపమే. ఇంత దూరం వస్తే మనిషి బతికే ఉండడం ఏమిటి, కనీసం మంచం మీద కూడా లేదు! బుచ్చవ్వ మాత్రం నాలుగు రోజులు ఉండి, వదినతో కడుపారా కొట్లాడి మరీ వెళ్లింది.

ఆ తర్వాత నిజంగానే బతికున్నవాళ్లు దుకాణానికి రాసాగారు. ముందు భయం భయంగా, తర్వాత పిల్లాపాపలతో. నా పేరులోంచి పీనుగులు ఊడిపోయాయి.

ఆ మరుసటి ఏడాది వానాకాలంలో కనకవ్వ పోయింది. ఈసారి నిజంగా. నాకు అన్నం సహించలేదు. మధ్యాహ్నానికి కైలాసం వచ్చాడు.

“అన్నా, డబ్బ వట్టుకొని రా. కుర్సీల కూసోవెట్టినం.”

“అవ్వ ఫోటో ఉన్నది గదరా.”

“గా ఫోటో గోడకు వెట్టద్దంటున్నది మా ఇంటిది. అత్త గా నవ్వు నవ్వుకుంట సూస్తుంటే మనల్నే ఏదో అంటున్నట్టున్నదట. పోయినంక గూడ గట్ల సూస్తుంటే ఇంట్ల ఎట్ల తిరుగుడు, అంటున్నది. కండ్లు మూసుకున్నదే తియ్యి. లచ్చయ్యకు చెప్పిన, జర నిమ్మళమైన కండ్లు ఏస్తడు.”

నిమ్మళమైన కళ్లు! కనకవ్వకు!

వెళ్లాను. వెళ్లకపోతే ఇంకెవరినైనా పిలుస్తారు. కాగజ్‌నగర్‌లో ఇంకో స్టూడియో పెట్టారప్పటికే. వాకిట్లో స్టాండు వేశాను. కుర్చీలో కనకవ్వ తల ఒక పక్కకు వాలి ఉంది. మొదటిసారి ఆమె నోరు మూసుకుని ఉండగా చూశాను. చుట్టూ ఇంటివాళ్లు, చుట్టాలు, సగం ఊరు. అందరూ బిగుసుకుని నిలబడ్డారు. వాన పడేలా ఉంది. పక్కన లచ్చయ్య కూడా కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను తిత్తి లాగాను, వంగి చూశాను, లేచాను.

“తియ్యనీకి రాదు. డబ్బ ఖరాబైంది” అన్నాను.

“మొన్ననే పెండ్లి ఫోటోలు తీస్తివి గదనే?” అన్నాడు కైలాసం.

“మొన్న మొన్ననే. షట్టర్ పోయింది.”

“జర బాగుజెయ్యరాదే, నీకు వస్తది గద!”

“రాదు” అన్నాను, అందరికీ వినబడేలా. “కంపెనీ గీ మోడల్ చేసుడే బంద్ వెట్టింది. హార్మోనియం తోలు, గడియారం స్ప్రింగు వెట్టి ఇన్నొద్దులు మీ అందర్ని మోసం జేసిన. నా రిపేరంత ఉత్తదే. నాకు గీ పని రాదు.”

ఎవరో నవ్వారు. కైలాసం మబ్బు వైపు చూశాడు, కాగజ్‌నగర్ మనిషి వచ్చేదాకా ఆగే వీలు లేదు. వాన మొదలయ్యేలోపు కనకవ్వను కాటికి తీసుకెళ్లిపోయారు. పెద్ద దినం నాడు గోడకు పెట్టడానికి వేరే ఫోటో లేక, ఇంట్లో ఉన్న కాపీ చిన్నదని, నా దుకాణం అద్దంలోని పెద్దది అడిగి పట్టుకుపోయారు. కనకవ్వ ఇప్పుడు ఆ అర్రలో తన కళ్లతోనే ఉంది. ఇల్లంతా కనిపిస్తుందట అక్కడి నుంచి.

నా గిరాకీ కాగజ్‌నగర్‌కు పోయింది. బస్టాండులో ఎవరైనా “ఏం లక్ష్మీరాజం, నీ డబ్బ ఇంక బాగుగాలేదా?” అని అడుగుతారు. ఇంట్లో తలుపు వేసుకుని నొక్కితే టక్కున పడుతోంది, జర్మనీలో కొత్తగా చేసిన రోజు కూడా ఇంత చక్కగా పడి ఉండదు. ఆ మాట నాలుక చివరి దాకా వస్తుంది. కైలాసం చెవిన పడితే గోడ మీది ఫోటో తీసుకొచ్చి నా మొహాన కొడతాడు.

“కాలే” అంటాను.