నానబెట్టని స్ట్రిప్పు

"కాలరు దగ్గర ముడత అలాగే ఉంది చూడు," అన్నాడు మా ఆయన, అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లె వేస్తూ. "నేను రూపొందించిన ఈ చిన్న సెన్సర్..." ఇస్త్రీపెట్టె పైకెత్తి పట్టుకుని విన్నాను. నేనట! గోరంత స్ట్రిప్పు మీద ఎంజైము పూత పూసి, నీళ్ళలో సీసం ఉంటే కరెంటు ఎంత పడిపోతుందో ఆరేళ్ళపాటు కొలిచింది నేను. ఈయనగారు ల్యాబుకి అధిపతి. పేటెంటు దరఖాస్తులో ఉన్నది ఒక్కటే పేరు, ఈయనది. ఇవాళ సంస్థ కమిటీవాళ్ళు సెన్సర్ పనితీరు చూసి ఆ దరఖాస్తు మీద సంతకాలు పెడితే ఇక అంతే సంగతులు. నా పేరేదండీ అని అడిగితే, "మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏంటే?" అన్నాడు. "మొగుడు పైకొస్తుంటే ఏడ్చే ఆడదాన్ని నిన్నే చూశా," అంది అత్తగారు, తాగేసిన టీ కప్పు నా చేతిలో పెడుతూ.

బయల్దేరేముందు చెప్పబోయాను. "ఏవండీ, స్ట్రిప్పులు పొడిగా ఉన్నాయి. బఫర్ ద్రావణంలో పది నిమిషాలు నాననిచ్చి..."

"సెన్సర్ గురించి నాకు పాఠం చెప్తావా? డబ్బా ఇటివ్వు. నువ్వు వెనక వరసలో కూర్చో, చాలు."

పాపం, ఆయన ఏనాడూ పొడి స్ట్రిప్పు చూసి ఎరగడు. నేనే నానబెట్టి, తడి అద్ది, మీటరుకి గుచ్చి చేతికిచ్చేదాన్ని. కంచంలోకి వచ్చాకే పప్పు మొహం చూసే మనిషికి అది ముందు నానాలని ఎలా తెలుస్తుంది? డబ్బా ఇచ్చేశాను. భయపడి కాదు, అసహ్యం వేసి.

హాల్లో సీసం కలిపిన నీళ్ళ గ్లాసు పెట్టారు. ఆయన స్ట్రిప్పు ముంచాడు. మీటరు మీద సీసం సున్నా. ఇంకోటి ముంచాడు. సున్నా.

"అయితే ఈ నీళ్ళు పిల్లలకి తాగించొచ్చంటారా?" అంది కమిటీ అధ్యక్షురాలు.

ఆయన కళ్ళు నాకోసం వెతికాయి, ఇంట్లో సాక్సులు కనపడనప్పుడు వెతికినట్టే. ఆ బిత్తరచూపులు చూస్తూ హాయిగా కూర్చుందామనిపించింది, నిజం చెప్పొద్దూ. కానీ అక్కడ సున్నా అనిపించుకుంటున్నది నా ఆరేళ్ళు. లేచి వెళ్ళి, కొత్త స్ట్రిప్పు డబ్బాలోనే ఉన్న బఫర్ సీసాలో వేశాను. ఆ పది నిమిషాలూ ఆయన జోకులేశాడు. ఎవరూ నవ్వలేదు. తర్వాత ముంచితే సీసం అంకె ఎగబాకి, తాగేనీళ్ళలో ఉండదగ్గ హద్దుకి తొమ్మిది రెట్ల దగ్గర ఆగింది.

"మీరెవరమ్మా?" అంది అధ్యక్షురాలు.

నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. "మా ఆవిడండీ. నాకు సాయం చేస్తుంటుంది."

"ఈ సెన్సర్ చేసింది నేనండీ," అన్నాను. "ఈయన మా ఆయన. ల్యాబులో ఏం చేస్తుంటారో మీరే అడగండి, ఆరేళ్ళుగా చూస్తున్నా నాకూ తెలియలేదు."