ఎడమ ఫుట్‌రెస్టు

అల్లుడు ఇల్లరికం రాలేదు, షెడ్డరికం వచ్చాడని వీధిలో అందరూ నవ్వేవాళ్లు. నవ్వరా మరి! పెళ్లయిన కొత్తలో ఎవరైనా భార్య చుట్టూ తిరుగుతారు. ఇతగాడు సెలవు దొరికితే చాలు, అత్తవారింటి వెనక రేకుల షెడ్డులో ఒక పాత మోటార్‌సైకిలు చుట్టూ తిరిగేవాడు. వృత్తికి మెకానిక్కే. నలుగురి బళ్లు బాగుచేయడం పొట్ట కోసం, దీన్ని బాగుచేయడం ప్రాణం కోసం.

ఆ బండి మామగారిది. వేగం కోసం పుట్టింది కాదు. రాళ్ల మీదా వాగుల్లోనూ, నత్త కూడా విసుక్కునేంత నెమ్మదిగా నడిపే పోటీల బండి. సీటు పేరుకే ఉంటుంది. ఫుట్‌రెస్టుల మీద నిలబడే నడపాలి. కాలు నేలకి ఆనిందా, ఒక మార్కు పోయినట్టే. కంపెనీవాళ్లు అలాంటివి కొద్దిగా తయారుచేసి, దుకాణం కట్టేశారు. మిగిలినవాటిలో ఇదొకటి. అదీ తుప్పు పట్టి, చక్రాల ఊచల్లో సాలీళ్లు కాపురం పెట్టాక అల్లుడి చేతికొచ్చింది.

మామగారికి చూపు మసకబారుతోంది. ఇక తగ్గడమే గాని పెరగడం ఉండదని డాక్టరు చెప్పేశాడు. "రాళ్లు కనబడుతుండగానే ఒక్కసారి వాగు దాటాలి అల్లుడూ" అన్నారాయన. అడిగింది అదొక్కటే.

ఆ బండి కొత్తలో ఎలా ఉండేదో తెలుసుకోడానికి ఇక అల్లుడు వెతకని చోటు లేదు. పాత పత్రికల కట్టలు తిరగేసి దుమ్ముకి తుమ్మి తుమ్మి ముక్కు ఎర్రబడింది. ఒకప్పుడు ఆ కంపెనీలో రంగులు వేసిన ముసలాయన్ని ఎలాగో ఫోన్లో పట్టుకుని, ట్యాంకు ఏ రంగని అడిగితే, "పొద్దున్నే నీళ్ల మీద మంచు లేస్తుంది చూడు, దాని కింద కనపడే నీలం" అన్నాడట. ఆ మాట పట్టుకుని ఇతను రంగు గిన్నె, బ్రష్షుతో వాగు ఒడ్డున నిలబడి, వేళ్లు కొంకర్లు పోయేదాకా రంగులు కలిపాడు. నిద్రలో నట్లు గాల్లో తేలుతూ వచ్చి, వాటంతటవే మరల్లోకి ఎక్కి బిగుసుకునేవి. లేచేసరికి వేళ్లు ఇంకా తిరుగుతూ ఉండేవి. భార్య దుప్పటి తన వైపు లాక్కునేది.

చివరికి కంపెనీవాళ్లు తీయించిన ఫోటో ఒకటి దొరికింది. అందులో ఫుట్‌రెస్టులు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఈ బండికి ఎడమది కాస్త పైకి వంగి ఉంది. ఎప్పుడో పడినప్పుడు వంగి ఉంటుందనుకున్నాడు. ఎర్రగా కాల్చి, మట్టం పెట్టి మరీ తిన్నగా చేశాడు. "కుక్కతోక వంకర పోదు గాని, ఇనుప వంకర ఎందుకు పోదు?" అని భార్య దగ్గర గొప్పలు కూడా పోయాడు.

ఆ రోజు పొద్దున బండి వాగు దగ్గరికి వెళ్లింది. ఇంజను నిద్రలో మాట్లాడుతున్నట్టు మెల్లగా కొట్టుకుంది. మామగారు నిలబడి, నీళ్లలోకి దిగి, మొదటి రాయి ఎక్కగానే ఎడమకి ఒరిగారు. కాలు ఆనింది. మళ్లీ వచ్చారు, మళ్లీ ఆనింది. ఎన్నిసార్లు వెళ్లినా అంతే. చివరికి బండి తోసుకుంటూ వచ్చారు.

"బండి బంగారంలా ఉందయ్యా. నాలోనే సరుకు అయిపోయింది. ఎవరికైనా ఇచ్చెయ్, నేను చూడలేను."

ఇంటికెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నారు. అల్లుడు చక్రాలు, స్ప్రింగులు, హ్యాండిలు అన్నీ చూశాడు. ఎక్కడా దోషం లేదు. ఇంత కష్టపడి ఆయన ఆశని తనే చంపాననిపించి, షెడ్డులో కూలబడ్డాడు.

మధ్యాహ్నం అత్తగారు షెడ్డులోకి వచ్చారు. ఆవిడ దర్జీ పని చేస్తారు. కుట్టుమిషను వదిలి ఇటువైపు వచ్చింది ఎప్పుడూ లేదు. నేరుగా బండి దగ్గరికెళ్లి, వంగి ఎడమ ఫుట్‌రెస్టు చూశారు.

"దీన్ని తిన్నగా చేశావా బాబూ?"

"అవునత్తయ్యా. పడి వంగిపోయిందిగా."

"పడి కాదు. నేనే వంచించాను."

అల్లుడు దిగ్గున లేచాడు. ఆవిడే చెప్పుకొచ్చారు.

"పెళ్లయిన కొత్తలో ఆయన ఎడమకాలు విరిగింది. అతికింది గాని ఒక వేలెడు పొట్టిదైంది. డాక్టరు నాకే చెప్పాడు. ఆయనకి చెబితే బండెక్కరు, బండెక్కకపోతే మనిషి మిగలరు. ప్యాంట్లు కుట్టేది నేనేగా? ఎడమ అంచు కొంచెం పైకి మడిచి కుట్టేశాను. ఎడమ బూటులో పట్టినంత తోలుముక్క వేశాను. ఆయన ఊళ్లో లేనప్పుడు కమ్మరాయన్ని బతిమాలి దీన్ని వంచించాను. ఇన్నేళ్లూ కాలు పూర్తిగా బాగైందనే అనుకుంటున్నారు."

ఫోటో గోడమీదే ఉంది. అల్లుడు దాని వంక చూశాడు, అత్తగారి వంక చూశాడు. ఫోటోలో ఉన్నది కంపెనీ బండి, మామగారు నడిపింది ఇంకో బండి. ఇన్నాళ్లూ ఎంత వెతికినా, పక్క గదిలో మనిషిని ఒక్కమాట అడగలేదే అని సిగ్గేసింది.

"ఎంత వంచాలత్తయ్యా?"

ఆవిడ మెడలోని టేపు తీసి, వెంట తెచ్చిన ప్యాంటు రెండు కాళ్లూ కొలిచి, తేడా దగ్గర గోరు పెట్టి చూపించారు. అల్లుడు అంతే వంచాడు, ఒక దారమంత ఎక్కువ లేకుండా.

మర్నాడు మామగారిని లేపేసరికి తలప్రాణం తోకకొచ్చింది. "తప్పు నాదే మామయ్యా, ఫుట్‌రెస్టు సరిగ్గా బిగించలేదు" అంటే, "నన్ను ఊరడించకు" అన్నారు. "అంతగా అడుగుతుంటే వెళ్లి రారాదూ!" అని అత్తగారు గుమ్మంలోంచి కసిరాకే కదిలారు.

వాగు మీద మంచు లేస్తోంది. బండి నీళ్లలోకి దిగింది. ఒక రాయి ఎక్కింది, ఆగింది, ఆలోచించుకున్నట్టు ఇంకో రాయికి తిరిగింది. నీలం ట్యాంకు మంచులో కలిసిపోయి, ఆయనొక్కరే నీళ్ల మీద నిలబడి తేలిపోతున్నట్టుంది. ఒడ్డున అల్లుడూ అత్తగారూ ఆయన కాళ్ల వంకే చూస్తున్నారు. పాదం ఆనలేదు. అవతలి గట్టెక్కి, అక్కణ్ణుంచే ఒక్క కేక పెట్టారు.

తిరిగొస్తూనే అల్లుడి మీద విరుచుకుపడ్డారు. "చూశావా? మనిషి సరిగ్గానే ఉన్నాడు, నీ పనే సరిగ్గా లేదు! నిన్నంతా నన్ను ముసలాణ్ని చేసి పడుకోబెట్టావు కదయ్యా! ఏం మెకానిక్కువి నువ్వు!"

"తప్పైపోయింది మామయ్యా" అన్నాడు అల్లుడు. ఇంత హాయిగా తిట్లు తినడం అతనికి ఇదే మొదటిసారి.

మామగారు ఎడమ తొడ చరుచుకుని భార్యవైపు తిరిగారు. "చూశావుటే ఈ కాలు? ఒకసారి విరిగి అతికింది కదా, అందుకే రెండోదానికంటే ఇదే గట్టిది!"

"అవునండీ" అన్నారు అత్తగారు.

అల్లుడికి ఏడుపొచ్చి మొహం తిప్పుకున్నాడు. ఆవిడకి మాత్రం అలవాటే.