మూడు చప్పుళ్ళ చరిత్రకారుడు

ఎర్రటి గాలి.

కాలిన ఇనుము వాసన, తడిసిన ఇనుము వాసన... రెండూ కలిసి మా లోయ మీదుగా వీచేవి. ఉదయం తీగ మీద ఆరేసిన తెల్ల దుప్పటి మధ్యాహ్నానికి గులాబీ రంగుకు తిరిగేది. తిట్టుకుంటూ మళ్ళీ ఉతికేవాళ్ళం.

తరువాత దుప్పట్లు తెల్లగానే ఉండిపోయాయి.

అప్పుడు ఏడ్చాం.

డెబ్బై తొమ్మిదిలో కొలుములు ఆర్పేస్తామని పారిస్ నుంచి కబురు వచ్చింది. యూనియన్ వాళ్ళు మున్సిపల్ ఆఫీసు నేలమాళిగలో దొంగ రేడియో పెట్టారు. నీళ్ళ ట్యాంకు మీద యాంటెన్నా కట్టారు. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా అందులో మాట్లాడే గొంతు నా భర్త ఎట్టోరేది.

ఇరవై ఆరేళ్ళు కొలిమి ముందు నిలబడిన గొంతు. బొంగురు గొంతు. ఫ్రెంచి మాటలను మా ఇటలీ కొండరాళ్ళ మీద అరగదీసి పలికేవాడు. ఎవరి ఉద్యోగం పోయిందో చెప్పేవాడు. ఎవరింట్లో బిడ్డ పుట్టిందో చెప్పేవాడు. రేడియోను పట్టుకోవడానికి పోలీసు హెలికాప్టరు మా కప్పుల మీద తిరిగితే, "పైనున్న బాబులకు నమస్కారం. కాఫీ కలిపాం, దిగి రండి" అనేవాడు.

ఏడు కావస్తుంటే ఉంగరంతో బల్ల మీద మూడుసార్లు కొట్టేవాడు.

టక్. టక్. టక్.

అది నాకు.

పొయ్యి మీద నీళ్ళు పెట్టమని. నేలమాళిగ నుంచి మా ఇంటికి పన్నెండు నిమిషాల నడక. మా పాత గిన్నెలో పాస్తాకు నీళ్ళు మరగడానికీ పన్నెండు నిమిషాలే.

"లోయంతా వింటుంటే పెళ్ళాన్ని పొయ్యి దగ్గరికి తోలుతావా? సిగ్గులేదూ?" అన్నాను ఒకసారి.

"లోయకేం తెలుసే? నీకు తెలుసు, నాకు తెలుసు. చాలదూ?"

చాలింది.

కొలుములు వెలిగి నది ఎర్రగా పారుతున్నంత కాలం చాలింది.

ఎనభై మూడులో ఆయన ఊపిరితిత్తులు మూతపడ్డాయి — కొలుముల తరువాత నాలుగేళ్ళకు. నాకు మిగిలినవి రేడియోలో ఆయన మాట్లాడినవి పట్టి ఉంచిన నలభై ఒక్క క్యాసెట్లు. బిస్కెట్ల డబ్బాలో పెట్టుకున్నాను. రోజూ ఒకటి వినేదాన్ని. చివర మూడు చప్పుళ్ళు వినిపించగానే లేచి, ఒక్కదాని కోసం నీళ్ళు పెట్టేదాన్ని.

ఎనభై అయిదు ఆగస్టులో రెమీ షాస్తనే వచ్చాడు.

మిరబెల్ పళ్ళు రాలే రోజులు. పెరడంతా పసుపు. తేనెటీగల హోరు. పారిస్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చాడు, రేడియోల చరిత్ర రాస్తాడట. పల్చటి బూట్లు, పెద్ద చెవులు. వినడం తెలిసిన మనిషి... అది మాత్రం నిజం. నేను చెబుతుంటే ఊపిరి కూడా మెల్లగా తీసుకునేవాడు. ఆ పళ్ళు పరిచి నేను కాల్చిన మిరబెల్ టార్ట్ మూడు ముక్కలు తిన్నాడు.

"ఏమే నెల్లా, ఇతను చరిత్ర కోసం వచ్చాడా, టార్ట్ కోసం వచ్చాడా?" అంది గోడ అవతలి నుంచి పక్కింటి యోలాంద్.

"రెండూ మీ దగ్గరే బాగున్నాయండీ," అన్నాడు రెమీ. ఇద్దరం నవ్వాం.

వెళ్ళేరోజు ఒక కాగితం బల్ల మీద పెట్టాడు. నాకు చదువు లేదు. పదేళ్ళకే నన్ను గొర్రెల వెంట పంపారు. నా పేరు మాత్రం బొమ్మలా గీయగలను.

"ఏముంది ఇందులో?"

"చదువుతాను మేడమ్." చదివాడు. మెల్లగా, స్పష్టంగా చదివాడు. క్యాసెట్లు తీసుకెళ్తానని, నకళ్ళు తీసుకుని మూడు నెలల్లో తిరిగి ఇస్తానని.

మంచి గొంతు. ఆ గొంతుకు సంతకం చేశాను.

మూడు నెలలు. మూడు చలికాలాలు...

పుస్తకం వచ్చింది. అట్ట మీద ఎట్టోరే ఫోటో. ఒక ప్రతి నాకూ పంపాడు. ఫోటోకు ముద్దు పెట్టి అల్మరాలో పెట్టాను. ఆ పుస్తకానికి పారిస్‌లో ఏదో బహుమతి ఇచ్చారట. రెమీని విశ్వవిద్యాలయంలో ఆచార్యుణ్ణి చేశారట.

ఆ తరువాత రేడియోలోకి వెళ్ళాడు. దొంగ రేడియో కాదు, దేశమంతా వినే రేడియో. శనివారం ఉదయం తొమ్మిదికి ఆయన కార్యక్రమం. మొదటి శనివారం యోలాంద్ పరుగెత్తుకొచ్చి నా రేడియో మర తిప్పింది.

టక్. టక్. టక్.

నా ఎట్టోరే ఉంగరం. నా ఎట్టోరే బల్ల.

ఆ మీద రెమీ గొంతు — "శుభోదయం."

ఆరేళ్ళపాటు ప్రతి శనివారం అలాగే మొదలైంది. నేనేం చేశానో చెప్పనా? తొమ్మిది గంటలకు, ఎవరికీ ఆకలి లేని వేళ, పొయ్యి మీద నీళ్ళు పెట్టాను. మరిగాక పారబోశాను. క్యాసెట్లు ఎక్కడని అడగలేదు. వారానికి మూడు చప్పుళ్ళు ఇస్తున్నాడు కదా అనుకున్నాను.

ఆకలి అంత చవకగా లొంగిపోయింది.

రేడియో నుంచి టీవీ. టీవీ నుంచి పార్టీ. తొంభై ఏడులో మా లోయ నుంచే పార్లమెంటుకు నిలబడ్డాడు. పల్చటి బూట్లు పోయి మంచి బూట్లు వచ్చాయి. చెవులు అవే... కాని ఇప్పుడు ఆ తల ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంది. సభల్లో ఆయన వేదిక ఎక్కగానే జనం బల్లల మీద పిడికిళ్ళతో మూడుసార్లు కొట్టేవాళ్ళు. కుర్చీల వెనక కొట్టేవాళ్ళు. దుకాణాల తలుపుల మీద కొట్టేవాళ్ళు.

టక్ టక్ టక్. టక్ టక్ టక్.

"ఎందుకే అలా కొడుతున్నారు?" అని యోలాంద్‌ను అడిగాను.

"నీకు తెలియదా? కొలిమి వాళ్ళ రహస్య సైగ అట. రెమీ కనిపెట్టాడట. నీ మొగుడిదేగా, నీకే తెలియాలి!"

పొయ్యి దగ్గర నీళ్ళ గిన్నెను చూశాను.

గెలిచాడు. రెండేళ్ళకు పార్లమెంటులో చిన్న రేడియోల తరంగాలను సర్దే చట్టానికి నివేదిక రాసింది ఆయనే. కాలం మారి దొంగ రేడియో దొర రేడియో అయ్యాక, పెన్షను ముసలివాళ్ళు అయిదారుగురు అదే నేలమాళిగలో దాన్ని నడుపుతూ ఉండేవాళ్ళు. ఆ చట్టంతో అది మూతపడింది. టీవీలో అడిగితే రెమీ అన్నాడు — "జ్ఞాపకానికి తరంగం ఎందుకు? భద్రంగా దాచే చోటు ఉంటే చాలు."

గాలి ఖాళీ అయింది.

అరవై రెండో ఏట నేను అక్షరాల దగ్గరికి వెళ్ళాను. లైబ్రరీ పైగదిలో, గురువారాలు. రెండు చలికాలాలు పట్టింది. వేళ్ళు గొడ్డలి పట్టుకున్నట్టు పెన్సిలు పట్టుకునేవి.

నా అంతట నేను చదివిన మొదటి కాగితం — నేను సంతకం చేసినదే, రెమీ నాకు వదిలి వెళ్ళిన నకలు.

దానం, అని ఉంది. శాశ్వతంగా, అని ఉంది. తిరిగి కోరే హక్కు లేకుండా, అని ఉంది. మూడు నెలలన్న మాట ఎక్కడా లేదు. కాగితం తిప్పి వెనక కూడా చూశాను.

తరువాత పుస్తకం దించాను. రోజుకు ఒక పేజీ. రెండు వందల పన్నెండో పేజీలో దొరికాయి మూడు చప్పుళ్ళు. గేటు దగ్గర కాపలా ఉన్న సమ్మెకారులకు పంపిన ఆజ్ఞ అట. రాత్రి కాపలా మారమని సంకేతమట. లోయలోని ఆడవాళ్ళకు కూడా తెలియనంత రహస్యమట.

ఆడవాళ్ళకు కూడా.

రెమీకి ఉత్తరాలు రాశాను. నాలుగు రాశాను. నాలుగింటికీ ఒకే జవాబు వచ్చింది, అచ్చు వేసినది, సంతకం కూడా అచ్చే. మీ లేఖను శ్రద్ధగా చదివాను, అని.

అందుకే రెండు వేల రెండు ఫిబ్రవరిలో, మంచులో నడిచి, లోయలో ఆయన పెట్టుకున్న ఆఫీసుకు వెళ్ళాను. లేచి నిలబడ్డాడు. చెంపల మీద ముద్దులు పెట్టాడు.

"నెల్లా మేడమ్! టార్ట్ తెచ్చారా?"

"ఇది మిరబెల్ కాలం కాదు. నా క్యాసెట్లు ఇవ్వు."

"అవి పారిస్‌లో ఉన్నాయి. దేశపు ఆస్తి ఇప్పుడు. మీరు ఎప్పుడైనా వెళ్ళి వినొచ్చు. పరిశోధకుల కార్డు ఒకటి కావాలి, అంతే."

"నా మొగుడి గొంతు వినడానికి నేను పరిశోధన చేయాలా?"

ఆయన నవ్వబోయి ఆగాడు.

"సరే, ఉంచుకో. ఆ చప్పుళ్ళు మాత్రం నావని చెప్పు. అది సైగ కాదు నాయనా. పాస్తాకు నీళ్ళు పెట్టమని నాకు చెప్పేవాడు. పుస్తకంలో దిద్దు. నీ గొంతుతో ఒక్కసారి చెప్పు, చాలు."

కిటికీలోంచి చూశాడు. మంచు పడుతోంది. ఒక్క క్షణం ఆ ముఖంలో పాత మనిషి కనిపించాడు — ఊపిరి మెల్లగా తీసుకుంటూ వినే మనిషి.

"నన్ను ఒక్కమాట అడగాల్సింది అప్పుడే," అన్నాడు. కాదు... ఆయన అన్నది ఉన్నదున్నట్టు రాయాలి. "నేను మిమ్మల్ని ఒక్కమాట అడగాల్సింది అప్పుడే," అన్నాడు. "ఇప్పుడు ఎలా మేడమ్? ఆ మూడు చప్పుళ్ళ మీదే పదిహేడేళ్ళుగా నిలబడి ఉన్నాను. ఎక్కడికి దిగను?"

"నేలమీదికి," అన్నాను.

తలుపు దాకా వచ్చి సాగనంపాడు. మెట్లు జారతాయి, జాగ్రత్త అన్నాడు.

జూన్‌లో మళ్ళీ ఎన్నికలు. ఓట్లు లెక్కించడానికి చదవగలిగినవాళ్ళు కావాలని మున్సిపల్ వాళ్ళు నోటీసు పెట్టారు. ఆ నోటీసు నేనే చదివాను. నేనే వెళ్ళి పేరు ఇచ్చాను.

మా దగ్గర పద్ధతి ఇది. ఒక్కో అభ్యర్థి పేరుతో ఒక్కో అచ్చు కాగితం ఉంటుంది, కావలసినది కవరులో పెట్టి వేస్తాం. ఒక్కో బల్లకు నలుగురు. ఒకరు కవరు విప్పి లోపలి కాగితం తీస్తారు. రెండోవారు ఆ కాగితం మీద ఉన్నది అందరికీ వినబడేలా చదువుతారు. ఇద్దరు గీతలు గీస్తారు.

కాగితం మీద ఉన్నది... అందరికీ వినబడేలా.

ఆదివారం ఉదయం పరదా వెనక నిలబడి, రెమీ షాస్తనే అని అచ్చు వేసిన కాగితం తీసుకున్నాను. పేరు కింద పెన్సిలుతో రాశాను. అక్షరాలు నిటారుగా నిలిచేదాకా రాశాను — "మూడు చప్పుళ్ళు భార్యకు. పొయ్యి మీద నీళ్ళు పెట్టమని." మడిచి కవరులో పెట్టాను. గాజు పెట్టెలో వేశాను.

"ఓటు వేశారు!" అని గట్టిగా చెప్పాడు పెట్టె దగ్గరి మనిషి.

సాయంత్రం ఆరుకు బడి భోజనశాలలో బల్లలు వేశారు. జూన్ ఎండ ఇంకా కిటికీల నిండా ఉంది. వాన కోయిలలు కప్పు అంచున కీచుమంటున్నాయి. రెమీ వచ్చాడు. తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నన్ను చూసి తల వంచాడు. నేనూ వంచాను.

కవర్లు విప్పేది యోలాంద్. చదివేది నేను.

"రెమీ షాస్తనే," చదివాను. "రెమీ షాస్తనే." ప్రత్యర్థి పేరు ఒకసారి. మళ్ళీ "రెమీ షాస్తనే."

"నీ గొంతు బాగుందే, రేడియోలో పెట్టొచ్చు," అని గొణిగింది యోలాంద్.

మూడో వంద కవర్లలో, కాగితం విప్పి ఆగిపోయింది.

"అయ్యో, ఎవరో రాశారే ఇందులో..."

చేయి చాపి లాక్కున్నాను. నా అక్షరాలే. లేచి నిలబడ్డాను. రెమీ వైపు తిరిగాను. ఊపిరి పీల్చాను.

"మూడు—"

"మేడమ్, ఆగండి!" లెక్కింపు పెద్ద, మందుల షాపు ఫెర్నాన్, పరుగున వచ్చాడు. "రాత ఉన్న కాగితం చదవకూడదు. చెల్లదు అది."

"రాసింది చదవడానికే కదా?"

గది నవ్వింది. చెడ్డ నవ్వు కాదు... ముసలావిడ ముచ్చట పడిందని నవ్వింది. రెమీ నవ్వలేదు. ఆయన నన్ను చూడలేదు కూడా. నేల చూస్తున్నాడు.

"ఖాళీగా ఉంటేనే మీ మాట లెక్కలోకి వస్తుంది మేడమ్," అన్నాడు ఫెర్నాన్, ఓపికగా. "ఎవరిదో పాపం, తెలియక పాడుచేసుకున్నారు."

యోలాంద్ ఆ అక్షరాలను చూసింది. నన్ను చూసింది. నా రాత ఆమెకు తెలుసు, సరుకుల చీటీలు చూసింది. నోరు విప్పబోయింది. వద్దని తల ఊపాను.

ఎందుకు వద్దన్నాను?

తెలియదు. ఇప్పటికీ తెలియదు.

చెల్లని కాగితాన్ని పారేయరు. నివేదికకు గుచ్చి జిల్లా ఆఫీసుకు పంపుతారు, అక్కడ కొన్నాళ్ళు దాస్తారు. దాని వెనక బల్ల దగ్గరివాళ్ళంతా సంతకం చేయాలి. ఎందుకు చెల్లదో చదివినవాళ్ళు రాయాలి.

ఫెర్నాన్ పెన్ను నా చేతికిచ్చాడు. ఏం రాయాలో చెప్పాడు.

రాశాను — "రాత ఉంది."

కింద నా పేరు. బొమ్మ కాదు, అక్షరాలు.

తలుపు దగ్గర రెమీ చేతిగడియారం చూసుకున్నాడు. యోలాంద్ ఇంకో కవరు విప్పింది, కాగితం నా ముందు పెట్టింది.

"రెమీ షాస్తనే," చదివాను, అందరికీ వినబడేలా.