ఆస్బెస్టాస్ గడ్డం

తవిటయ్యకు రెండు గర్వాలు. ఒకటి పద్యం చివర తీసే రాగం, రెండోది గడ్డం. రాగం పుట్టుకతో వచ్చింది, గడ్డం మాత్రం ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు నుంచి తెచ్చుకున్నాడు.

ఇంజన్ బాయిలర్లకు వేడి బయటికి పోకుండా ఆస్బెస్టాస్ పొరలు చుట్టే పని అతనిది. పాత పొరలు పీకినప్పుడల్లా తెల్లటి పీచు దూదిలా రాలేది. విశ్వకర్మ పూజకు ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ తెలుగువాళ్ళు ఏటా పద్యనాటకం ఆడేవారు. మునికి గడ్డం కావాలంటే కలకత్తా పోయి అద్దెకు తేవాలి. అక్కర్లేదు, ఈ పీచునే గంజితో గుడ్డకు అంటిస్తే చాలునని కనిపెట్టిన మహామేధావి మన తవిటయ్యే.

"నిప్పులో ఏసినా కాలదు. ఇసుమంటి గెడ్డం ఏ మునికైనా ఉన్నాదేటి?" అని ఊరంతా డబ్బా కొట్టుకున్నాడు. వేషంలో దగ్గొస్తే తపస్సు ఘాటెక్కిందని జనాన్ని నవ్వించేవాడు.

ఈ ఏడు రిహార్సల్లో పద్యం సగంలోనే రాగం తెగిపోయింది. "బాయిలరు పాతబడినాది, స్టీము నిలబడ్డం లేదు" అని తనే నవ్వేశాడు. కమిటీవాళ్ళు కూడా నవ్వి, మునివేషం అతని బావమరిది గణపతిరావుకు ఇచ్చారు. అతనిదీ అదే పని, గొంతూ మంచిదే. తవిటయ్యకు లోపల కాస్త కుళ్ళు పుట్టిన మాట నిజమే.

మెట్లెక్కినా ఆయాసపడుతున్నాడని భార్య పోలమ్మ ఇందా పేటలో ఉన్న డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. డాక్టరు ఎక్స్‌రే చూసి ఏం పని చేస్తావని అడిగాడు. తవిటయ్య ఉత్సాహంగా గడ్డం కథ కూడా చెప్పాడు. అతని జోకుకు నవ్వని మనిషి ఖరగ్‌పూర్‌లో ఆ ఒక్కడే.

ఆ పీచు ఊపిరితిత్తుల్లో దిగిపోయిందని, ఇక బయటికి రాదని డాక్టరు చెప్పాడు.

"డ్యూటీ దిగగానే బెల్లం ముక్క తింటన్నాం కద బాబూ, దుమ్ము దిగిపోదా?"

బెల్లం పోయేది కడుపులోకి, పీచు పోయేది ఊపిరితిత్తుల్లోకి అన్నాడు డాక్టరు. ఇంత చిన్న సంగతి తన బుర్రకు తట్టలేదని తవిటయ్య సిగ్గుపడ్డాడు. వెంటనే గణపతిరావు గుర్తొచ్చాడు. ఈ ఏడు ఆ గడ్డం పెట్టుకునేది అతనే.

పూజనాడు మేకప్ గదిలోకి పోయేసరికి బావమరిది గడ్డం అంటించుకుంటున్నాడు.

"ఒరే గణపతీ, తీసెయ్రా. అది ఇసం!"

"ఏటి బావా, నువ్వెట్టుకుంటే గెడ్డం, నానెట్టుకుంటే ఇసమా?"

గదంతా గొల్లున నవ్వింది. వేషం పోయిందని ఏడుస్తున్నాడన్నారు. ఇన్నాళ్ళూ అందర్నీ నవ్వించిన పాపానికి, ఇప్పుడు తను నిజం చెప్పినా హాస్యమే అయిపోయింది.

తవిటయ్య తిన్నగా స్టేజీ ఎక్కేశాడు. "బాబులూ, ఈ పీచు మనల్ని తినేస్తన్నాది. నా రొమ్ము ఎలాగున్నాదో మీరే ఇనండి" అని పద్యం ఎత్తుకున్నాడు. రెండో పాదంలో ఊపిరి అందలేదు. దగ్గుతో వంగిపోయి మైకు పట్టుకుని వేలాడాడు.

"వన్స్ మోర్!" అని జనం ఈలలు వేశారు.

ఎంత గొప్ప నటుణ్ణయ్యానురా అనుకున్నాడు. ఏడుపొచ్చింది.

గణపతిరావు పరుగున వచ్చి అతన్ని పొదివి పట్టుకున్నాడు. బావ రొమ్ములోంచి వస్తున్న పిల్లికూత అతనికి దగ్గరగా వినిపించింది. తెర పక్కకు తీసుకుపోయి కూర్చోబెట్టి, తన గడ్డం పీకి అవతల పారేశాడు.

"డాకటేరు మందిచ్చినాడా బావా? తగ్గిపోతాదా?"

తవిటయ్య ఏదైనా జోకు వేద్దామని చూశాడు. ఒక్కటీ దొరకలేదు.

"తగ్గదురా. నీకింకా దమ్మున్నాది. పో, పాడు."

గడ్డం లేని మునిని చూసి జనం పగలబడి నవ్వారు. గణపతిరావు పట్టించుకోకుండా రాగం ఎత్తుకున్నాడు. అది ఎక్కడా తెగకూడదని తవిటయ్య కళ్ళు మూసుకుని దేవుడికి మొక్కుకున్నాడు.