రాణి రంగు గునుగు

సూరత్ లింబాయత్‌లో మా గల్లీ బోరింగు కొడితే ఆ రోజు ముదురు గులాబీ, అదే రాణి రంగు నీళ్లు వచ్చాయి. పక్కింటి ఐలమ్మ అత్త కొన్నాళ్లుగా ఆ బోరింగు నీళ్లే పోసుకుంటోంది. మోచేతుల దాకా పుండ్లు. బిందె దించి ఆ చేతులు నా ముందు చాపింది.

"నిన్న పచ్చ, ఇయ్యాల గిది. రేపు ఏ రంగు తాగాల్నో మిల్లు శేఠ్‌ను అడిగి చెప్పు కోమలీ, సదువుకున్నదానివి గదా!"

నాకు శేఠ్ మీద ఒళ్లు మండిపోయింది.

గల్లీ వెనక ఖాడీ ఉంది. సూరత్‌లో వాగును అలాగే అంటారు. కరోనా వచ్చిన వేసవిలో మిల్లులన్నీ మూస్తే ఆ ఖాడీ తేటపడి అడుగున రాళ్లు కనిపించాయి. బోరింగులో మంచినీళ్లు వచ్చాయి. తిండికి గతిలేక సగం గల్లీ సొంతూరు సిరిసిల్ల దారి పట్టింది. ఉన్నవాళ్లం ఆకలి కడుపులతో ఆ నీళ్లు తాగాం. మళ్లీ మిల్లులు తెరిచారు. కూలి వచ్చింది, దాని వెంటే రంగూ వచ్చింది. ఖాడీ ఒడ్డున ఉన్న, చీరలకు రంగులద్దే డైయింగ్ మిల్లు తన మురికి నీటిని శుద్ధి ప్లాంటుకు పంపకుండా, గోడ కింద గొట్టం పెట్టి నేరుగా వాగులోకి వదిలేస్తోంది. శుద్ధికి డబ్బు ఖర్చవుతుంది. ఐలమ్మ అత్త చేతులకు ఖర్చేముంది!

మా బాపు సదానందం ఆ మిల్లులోనే రంగు మిషన్ మీద పనిచేస్తాడు.

యూనివర్సిటీ మూతపడి చదువంతా ఫోన్లలోకి వచ్చింది. పర్యావరణం ప్రాజెక్టు కోసం మమ్మల్ని ముగ్గురిని ఒక జట్టు చేశారు. నేను, ఓల్‌పాడ్ గుజరాతీ రైతుబిడ్డ హేతల్, కోసాడ్ క్వార్టర్లలో ఉండే ఒడియా పిల్ల సుకాంతి. సుకాంతి నాన్నదీ అదే మిల్లు. మా ఇళ్లలో మూడు భాషలు, మా మధ్య హిందీ. మార్కుల కోసం మొదలుపెట్టిన పని ఐలమ్మ అత్త చేతులు చూశాక మార్కుల పని కాకుండా పోయింది. సీసాల్లో నీళ్లు పట్టుకుని కాలుష్య నియంత్రణ బోర్డు ఆఫీసుకు వెళ్లాం. ఫలానా రోజు తనిఖీకి వస్తామని అధికారి మాకూ చెప్పాడు, మిల్లుకూ చెప్పాడు. ఆ రోజు గొట్టంలో చుక్క లేదు. "ఇవి ఏ మిల్లు నీళ్లో వాటి మీద రాసుందా?" అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆదివారం గల్లీలో మీటింగ్ పెట్టాం. మిల్లులో పనిచేసే మావాళ్లు మాస్కులు గడ్డాల కిందికి లాగి మా మీద విరుచుకుపడ్డారు.

"మీరు ఫొటోలు దిగి పోతరు. మిల్లు బందైతే మేం ఏం తినాలె? మల్ల రైలు పట్టాల మీదంగ నడుసుకుంట ఊరికి పోవాల్నా?" అన్నాడు బాపుతో పాటు పనిచేసే బ్రహ్మచారి మామ.

సుకాంతి లేచి నిలబడింది. "మిల్ బంద్ నహీ చాచా, పైప్ బంద్! మిల్లు నడవాలి. గొట్టం మూయాలి. అంతే."

"గేటు కాడ రిజిస్టర్ల పేరు కొట్టేస్తే ఇంకే మిల్లుల రానియ్యరు బిడ్డా," అన్నాడు బాపు, తల దించుకుని.

"నీ కూలితోని తెచ్చిన బియ్యం నేను గా నీళ్లతోనే వండుతున్న," అంది మా అమ్మ లలితమ్మ. మీటింగ్ ఏమీ తేలకుండానే ముగిసింది.

సద్దుల బతుకమ్మ దగ్గరపడింది. హేతల్ వాళ్ల పొలం గట్ల మీద గునుగు పువ్వు విరగబూసిందని సంచుల నిండా కోసుకొచ్చింది. "మేం కలుపని పీకి పారేసేదాన్ని మీరు దేవతను చేస్తారా మాసీ!" అని అమ్మ పక్కన కూర్చుని తనూ కట్టలు కట్టింది. తెల్లటి గునుగును రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టి పేర్చడం మా ఆడవాళ్ల అలవాటు. అమ్మ బోరింగు నీళ్లు బకెట్లో పోసి, రంగు పొట్లం విప్పుతూ ఊరికే ఒక కట్ట ముంచింది. పైకి తీస్తే లేత గులాబీ!

"అమ్మా, పొట్లం విప్పకు!"

ముగ్గురం ఖాడీకి పరుగెత్తాం. గొట్టం మూతి దగ్గర ముంచిన గునుగు చిక్కటి రాణి రంగు ఎక్కింది. మిల్లులో ఆ వారమంతా నడుస్తున్నది రాణి రంగు చీరలే. బతుకమ్మను ఆ గొట్టం నీళ్లలో ముంచిన గునుగుతోనే పేర్చి, పాలీ, అంటే షిఫ్టు, మారే వేళకు మిల్లు గేటు ముందు పెడదామని గల్లీ ఆడవాళ్లంతా ఒక్కమాట అనుకున్నారు.

ఆ ఏడు నవరాత్రుల గర్బా ఆట లేదు, నలుగురు గుమిగూడితే కేసు. అయినా కదిలాం. మాస్కులు కట్టుకుని, చేతికీ చేతికీ అందనంత ఎడంగా గేటు ముందు బతుకమ్మ చుట్టూ తిరిగాం. ఒడియా ఆడవాళ్లూ వచ్చారు. హేతల్ చప్పట్లు గర్బా వైపు పోయాయి, కాసేపటికి మాతో కలిశాయి. మిల్లు మేనేజర్ బయటికి వచ్చి కోపంతో ఊగిపోయాడు. "బజారులో కొన్న రంగు పూసి మిల్లు పరువు తీస్తారా?"

పోలీసులు దిగారు. కరోనా రూల్సట.

"లోపట మూరకొకడు పని చేస్తే రాని కరోనా గేటు బయట వస్తదా సార్?" అడిగింది ఐలమ్మ అత్త.

అప్పుడే మిల్లు సైరన్ కూసింది. పగటి పాలీ బయటికి వచ్చింది, ముందు మా బాపు. "సదానందం! నీ కూతుర్ని తీసుకుపో. లేకపోతే రేపటి నుంచి రాకు," అరిచాడు మేనేజర్. బాపు నా వైపు నడిచాడు. నన్ను ఈడ్చుకుపోతాడనే అనుకున్నాను, భయపడ్డాను. ఆయన బతుకమ్మ పక్కన కూర్చుని, రెండు చేతులూ పూల పక్కన చాపాడు. గోళ్ల నుంచి మణికట్ల దాకా అదే రాణి రంగు.

"గిది గూడ బజార్ల కొన్నదేనా సాబ్?"

సుకాంతి నాన్న చేతులు చాపాడు. బ్రహ్మచారి మామ చాపాడు. గేటు పొడవునా రాణి రంగు చేతులు లేచాయి. మేనేజర్ పోలీసు ఇన్‌స్పెక్టర్‌కు సైగ చేశాడు. జవాబు లేనప్పుడు వాళ్లకు లాఠీలు గుర్తొస్తాయి. పోలీసులు హేతల్‌ను, సుకాంతిని, నన్ను జుట్లు పట్టి వ్యానులోకి తోశారు.

"పైప్ బంద్!" గొంతు చించుకుని అరిచాడు బ్రహ్మచారి మామ. తెలుగు, ఒడియా, గుజరాతీ గొంతులు అదే మాట అందుకున్నాయి. లోపలికి వెళ్లాల్సిన రాత్రి పాలీవాళ్లు రోడ్డు మీదే కూర్చున్నారు. లోపల మిషన్ల చప్పుడు మెల్లమెల్లగా తగ్గి ఆగిపోయింది. వేసవిలో ఈ మిల్లును రోగం ఆపింది. ఈ సాయంత్రం మావాళ్లు ఆపారు.

ఇన్‌స్పెక్టర్ బతుకమ్మ వైపు లాఠీ చూపించాడు. "తీసుకుపోయి ఆ వాగులో పడేయండి."

అమ్మ కదలలేదు.

"గొట్టం మూసి, ఖాడీ తేటైనంకనే నీళ్లల్ల సాగనంపుతం. గప్పటిదాక మా బతుకమ్మ గీడనే ఉంటది."

వ్యాను కదిలింది. గేటు ముందు నుంచి ఒక్కరూ లేవలేదు.